కొత్త పార్టు వేశాక డెస్క్‌టాప్ క్రాష్ అవుతుంటే: అసలు కారణాన్ని పట్టుకునే క్రమం

గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ప్రాసెసర్, ఎస్‌ఎస్‌డీ... ఏది కొత్తగా వేశాకైనా సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతోందని అడిగేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాటతో మొదలుపెడతారు: "కొత్తది డిఫెక్ట్ పీస్ వచ్చినట్టుంది." అలా జరగొచ్చు. కానీ నేను చూసినవాటిలో తప్పు చాలాసార్లు పాతవాటి దగ్గరే దొరికింది. నిన్నటిదాకా తక్కువ లోడు మోసిన ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) ఇవాళ ఎక్కువ మోయలేకపోతుంది. పాత కార్డు డ్రైవర్ (దాన్ని విండోస్‌తో నడిపించే సాఫ్ట్‌వేర్) సగం మిగిలిపోతుంది. కొత్తది బిగించేటప్పుడు చెయ్యి తగిలి పక్కనున్న కేబుల్ వదులవుతుంది.

అందుకే కింది క్రమం అంతటికీ ఒకటే నియమం: ఒకసారికి ఒక్క మార్పు, వెంటనే పరీక్ష, ఫలితం కాగితం మీద. రెండు మార్పులు కలిపి చేస్తే క్రాష్ ఆగినా ఎందుకు ఆగిందో తెలియదు. వారం తర్వాత మళ్లీ వస్తే మొదటికి వచ్చేస్తారు.

ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 నడిచే డెస్క్‌టాప్‌లకు.

## 1. క్యాబినెట్ తెరిచే ముందు

క్రాష్ అవుతున్న సిస్టమ్‌లో ఫైళ్లకు భద్రత లేదు. ముఖ్యంగా ర్యామ్ తప్పు చేస్తుంటే, కాపీ చేసే ఫైళ్లు కూడా మీకు తెలియకుండానే చెడిపోవచ్చు. వీలైతే డ్రైవ్ తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి బ్యాకప్ తీసుకోండి. చేతులు కాలాక ఆకులు పట్టుకునే పని ఇక్కడ పెట్టుకోవద్దు.

చాలామంది మర్చిపోయేది బిట్‌లాకర్ (డ్రైవ్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం) రికవరీ కీ. ప్రాసెసర్ మార్చినా, బయోస్ (విండోస్ కన్నా ముందు మదర్‌బోర్డులో నడిచే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినా విండోస్ ఆ 48 అంకెల కీ అడగొచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉందేమో ముందే చూసి రాసుకోండి. విండోస్‌లోకి వెళ్లగలిగితే బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా సస్పెండ్ చేయండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి:

- మదర్‌బోర్డు మాన్యువల్. ఫోన్‌లో పీడీఎఫ్ ఉన్నా చాలు
- 8 జీబీ పైన ఉన్న పెన్‌డ్రైవ్
- తీసేసిన పాత పార్టు
- స్టార్ స్క్రూడ్రైవర్, చిన్న టార్చ్
- థర్మల్ పేస్ట్, ప్రాసెసర్ వైపు పని ఉంటేనే
- కాగితం, పెన్ను

ముట్టుకునే ముందు షట్‌డౌన్ చేసి, వెనక స్విచ్ ఆపి, పవర్ కేబుల్ పీకేయండి. తర్వాత పవర్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన ఛార్జ్ చాలావరకు పోతుంది. క్యాబినెట్ లోహపు భాగాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్టాటిక్ వదిలించుకోండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి. కేబుల్ పీకాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన ఛార్జ్ ఉంటుంది.

## 2. ఎలా ఆగుతోందో చూడండి

ఈ మెట్టు దాటేసి నేరుగా పార్టులు మార్చేవాళ్లే ఎక్కువ రోజులు ఇబ్బంది పడతారు. క్రాష్ తీరును గమనిస్తే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

కరెంటు పోయినట్టు ఒక్కసారిగా ఆరిపోతే, లేదా దానంతట అదే రీస్టార్ట్ అయితే: ముందు ఎస్‌ఎంపీఎస్, పవర్ కేబుళ్లు, ఆ తర్వాత వేడి.

బ్లూ స్క్రీన్ వస్తే: ర్యామ్, డ్రైవర్, ప్రాసెసర్, డ్రైవ్... ఏదైనా కావచ్చు. దాని మీదున్న పేరు కావాలి.

స్క్రీన్ నల్లబడినా పాట వినిపిస్తూనే ఉంటే: సిస్టమ్ బతికే ఉంది, బొమ్మ ఒక్కటే పోయింది. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. కీబోర్డు లైటు వెలిగి ఆరుతుంటే గ్రాఫిక్స్ డ్రైవర్, డిస్‌ప్లే కేబుల్, కార్డుకు వెళ్లే పవర్ చూడాలి.

అంతా బిగుసుకుపోయి క్యాప్స్ లాక్ కూడా పలకకపోతే: ర్యామ్, ప్రాసెసర్ సెట్టింగులు, బూట్ డ్రైవ్.

గేమ్ ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్‌కి వచ్చేస్తే: డ్రైవర్, అస్థిరమైన ర్యామ్ వేగం, లేదా ఆ గేమ్ ఫైళ్లే.

సమయం కూడా రాయండి. ఆన్ చేసిన పావుగంట తర్వాత వరసగా వస్తుంటే వేడి మీద అనుమానం. గేమ్ లోడ్ అయిన క్షణంలోనే అయితే పవర్. ఖాళీగా ఉన్నప్పుడు, బ్రౌజర్‌లో, ఎప్పుడు పడితే అప్పుడు వస్తుంటే ర్యామ్.

## 3. విండోస్ రాసిపెట్టినది చదవండి

ముందు ఆటోమేటిక్ రీస్టార్ట్ ఆపాలి, లేకపోతే బ్లూ స్క్రీన్ చదివేలోపే మాయమవుతుంది. అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్కు తీసేయండి.

తర్వాత స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ హిస్టరీ అని వెతికి తెరవండి. ఏ రోజు ఏది ఆగిందో క్యాలెండర్‌లా కనిపిస్తుంది. మీరు పార్టు వేసిన తేదీకి ముందు కూడా ఎర్ర గుర్తులు ఉంటే సమస్య అంతకుముందే మొదలైందన్నమాట. ఇది చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఇక ఈవెంట్ వ్యూయర్, అంటే విండోస్ తనలో జరిగినవాటిని నమోదు చేసే చోటు. అందులో 'కెర్నల్ పవర్ 41' చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని తీర్మానించకండి. సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం, అదీ తర్వాతి బూట్‌లో రాసుకున్నది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ నంబర్) సున్నా ఉంటే బ్లూ స్క్రీన్ నమోదు కాకుండానే ఆగిందని తెలుస్తుంది. అప్పుడు పవర్ వైపు, లేదా పూర్తిగా హ్యాంగ్ అవడం వైపు చూడాలి.

తరచూ కనిపించే బ్లూ స్క్రీన్ పేర్లు ఎటు చూపిస్తాయంటే:

- మెమరీ మేనేజ్‌మెంట్, పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా: ముందు ర్యామ్
- ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్: డ్రైవర్ లేదా ర్యామ్
- వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్: గ్రాఫిక్స్ డ్రైవర్, కార్డు, దాని పవర్
- డబ్ల్యూహెచ్‌ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్: హార్డ్‌వేర్. ప్రాసెసర్, దాని వోల్టేజీ, ఓవర్‌క్లాక్ (కంపెనీ పెట్టిన దానికన్నా వేగంగా నడపడం), కొన్నిసార్లు పీసీఐ ఎక్స్‌ప్రెస్ పరికరం (గ్రాఫిక్స్ కార్డు లాంటిది)
- ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్: డ్రైవ్, లేదా బయోస్‌లో మారిన స్టోరేజ్ మోడ్ (డ్రైవ్‌తో బోర్డు మాట్లాడే పద్ధతి)

ప్రతిసారీ ఒకే పేరు వస్తే ఆ దారి పట్టుకోండి. రోజుకో కొత్త పేరు వస్తుంటే ముందు ర్యామ్ పరీక్షించండి. ర్యామ్ సరిగ్గా లేని సిస్టమ్‌లో ఎవరి పేరు బయటికొస్తుందో చెప్పలేం, ఆ క్షణంలో దాన్ని వాడుతున్నవాళ్ల మీద పడుతుంది.

## 4. పాత పార్టు పెట్టి చూడండి

కొత్తది తీసి, పాతది బిగించి, మామూలుగా క్రాష్ వచ్చే సమయానికి రెండు మూడు రెట్లు నడపండి.

క్రాష్ ఆగితే కొత్త పార్టుకో, దాని అవసరాలకో సంబంధం ఉంది. ఇది కొత్త పార్టు చెడిపోయిందన్న రుజువు కాదు. పాత కార్డు తక్కువ పవర్ తాగుతుంది కాబట్టి బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ కూడా దాంతో హాయిగా నడిచిపోతుంది.

పాతది పెట్టినా క్రాష్ అవుతుంటే బిగించేటప్పుడు ఏదో కదిలింది, లేదా సాఫ్ట్‌వేర్‌లో ఏదో మారింది. ఐదో మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి.

వేరే మంచి కంప్యూటర్ అందుబాటులో ఉంటే కొత్త పార్టును అందులో పెట్టి చూడటం అన్నిటికన్నా తేలిక. అక్కడ రెండు గంటలు లోడు మీద నిలబడితే దాని మీద అనుమానం దాదాపు తీరినట్టే.

## 5. ప్రతి కనెక్షన్ తీసి మళ్లీ పెట్టండి

కళ్లతో చూసి 'బాగానే ఉంది' అనుకోవద్దు. పూర్తిగా తీసి, మళ్లీ గుచ్చండి.

- 24 పిన్‌ల మెయిన్ కనెక్టర్ లాక్ పడేవరకు వెళ్లిందా?
- ప్రాసెసర్ పక్కన పైమూలలో ఉండే 8 పిన్‌ల కనెక్టర్ పూర్తిగా దిగిందా?
- గ్రాఫిక్స్ కార్డు స్లాట్ చివరి లాక్ క్లిక్ అయిందా? వెనక స్క్రూ బిగించాక కార్డు ముందువైపు లేచిందా?
- ర్యామ్ స్టిక్ రెండు చివరలా సమానంగా దిగిందా?
- మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉందా, మదర్‌బోర్డుకు ఉందా?
- ప్రాసెసర్ ఫ్యాన్ వైరు సరైన హెడర్‌లో ఉందా?
- మదర్‌బోర్డు మార్చారా? దాని వెనక రంధ్రం లేనిచోట స్టాండాఫ్ (బోర్డును క్యాబినెట్ నుంచి ఎత్తి ఉంచే లోహపు ముక్క) మిగిలిపోయి షార్ట్ అవుతోందా?

కార్డుకూ స్లాట్‌కూ మధ్య రైజర్ కేబుల్ ఉంటే తీసేసి నేరుగా బిగించి పరీక్షించండి. పాత రైజర్ పీసీఐ ఎక్స్‌ప్రెస్ మూడో తరానిది (జెన్ 3), కొత్త కార్డు నాలుగో తరానిది అయితే క్రాష్‌లు మామూలే. బయోస్‌లో ఆ స్లాట్‌ను జెన్ 3కి పెడితే చాలాసార్లు సర్దుకుంటుంది.

## 6. పవర్ లెక్క

గ్రాఫిక్స్ కార్డు మార్చినవాళ్లు నన్నడిగితే మొదట ఇక్కడికే రమ్మంటాను.

స్లాట్ ద్వారా కార్డుకు అందేది గరిష్ఠంగా 75 వాట్లు. 6 పిన్‌ల కనెక్టర్ మరో 75, 8 పిన్‌లది 150. కొత్త 16 పిన్‌ల కనెక్టర్ 600 వాట్ల దాకా ఇస్తుంది, కేబుల్ ఆ స్థాయిదైతే. కార్డు కంపెనీ చెప్పిన కనీస ఎస్‌ఎంపీఎస్ వాట్లు, మీ డబ్బా మీద 12 వోల్టుల వరసలో రాసిన వాట్లు పోల్చండి. పైన పెద్ద అక్షరాల్లో ఉన్న మొత్తం కన్నా ఆ 12 వోల్టుల అంకె ముఖ్యం.

అంకెలు సరిపోయినా ఆగిపోవచ్చు. ఈ తరం కార్డులు మిల్లీసెకన్ల పాటు తమ సగటు కన్నా చాలా ఎక్కువ లాగుతాయి. పాత ఎస్‌ఎంపీఎస్ దాన్ని ప్రమాదంగా భావించి తనను తాను కాపాడుకోవడానికి ఆఫ్ అవుతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణం ఇలాంటి కుదుపులను తట్టుకోవాలని ప్రత్యేకంగా నిర్దేశించింది.

ఇక కేబుళ్లు. ఒకే కేబుల్ చివర రెండు 8 పిన్ తలలుంటే, రెండూ ఒకే కార్డుకు పెట్టేస్తుంటారు. ఎక్కువ పవర్ తాగే కార్డుకు అలా చేయకండి, ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు తీసుకోండి. నేను మూడు రోజులు డ్రైవర్ల చుట్టూ తిరిగిన ఒక సిస్టమ్‌లో చివరికి తేలింది ఇదే. రెండో కేబుల్ వేశాక మళ్లీ ఒక్కసారి కూడా ఆరిపోలేదు.

ఇంకో జాగ్రత్త: మాడ్యులర్ కేబుళ్లను (డబ్బా నుంచి ఊడదీయగలిగేవాటిని) ఒక ఎస్‌ఎంపీఎస్ నుంచి మరోదానికి వాడకండి. ప్లగ్ పట్టినా లోపల వైర్ల వరస వేరుగా ఉండొచ్చు. తప్పు వోల్టేజీ వెళ్లి డ్రైవ్‌లు కాలిపోతాయి. 16 పిన్‌ల ప్లగ్ అయితే పూర్తిగా, ఖాళీ కనిపించకుండా దిగాలి. దాని మెడ దగ్గరే వైర్లను వంచకండి.

పవర్ అనుమానాన్ని తేల్చుకునే వరస:

1. యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కనపెట్టి గోడ సాకెట్‌కు నేరుగా పెట్టండి. కొత్త కార్డు బరువు యూపీఎస్ మోయలేకపోవడం తరచూ జరిగేదే.
2. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి గేమ్ ఆడండి. క్రాష్‌లు ఆగితే పవర్ దారి, లేదా కార్డు. రెండింటిలో ఏదో తేల్చడానికి మూడో పని కావాలి.
3. సరిపడా వాట్లున్న మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకరోజు అరువు తెచ్చి, దాని కేబుళ్లతోనే పరీక్షించండి.

మల్టీమీటర్ వాడటం తెలిసినవాళ్లు 4 పిన్‌ల మోలెక్స్ కనెక్టర్‌లో పసుపు, నలుపు వైర్ల మధ్య చూస్తే 11.4 నుంచి 12.6 వోల్టుల లోపల ఉండాలి. అయితే రీడింగ్ బాగున్నంత మాత్రాన ఎస్‌ఎంపీఎస్ నిర్దోషి కాదు. మిల్లీసెకన్ల పాటు పడిపోయే వోల్టేజీని మామూలు మీటర్ పట్టుకోలేదు.

## 7. ర్యామ్

రెండు స్టిక్‌లే ఉంటే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో దాదాపు అన్నిటికీ అదే వరస. మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి.

పాత రెండు స్టిక్‌లకు కొత్తవి రెండు కలపడం పెద్ద చిక్కు. వేగం, కెపాసిటీ, బ్రాండు ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరుగా ఉండొచ్చు. పైగా నాలుగు స్టిక్‌లు పెడితే ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్‌కు బరువు పెరుగుతుంది. ఉదాహరణకు రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా ఇచ్చిన డీడీఆర్5 ర్యామ్ వేగం రెండు స్టిక్‌లతో 5200, నాలుగు స్టిక్‌లతో 3600 మాత్రమే. పెట్టె మీద 6000 అని ఉందని నాలుగింటితో ఆ వేగం ఆశిస్తే సిస్టమ్ నిలబడకపోవడంలో వింత లేదు.

ర్యామ్‌ను పెట్టె మీద రాసిన వేగానికి తెచ్చే ఎక్స్‌ఎంపీ, ఎక్స్‌పో అనేవి కూడా ఓవర్‌క్లాక్ సెట్టింగులే. క్రాష్ అవుతున్నప్పుడు మొట్టమొదట ఆపాల్సినవి అవి.

1. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆపండి. క్రాష్ ఆగితే ఒక మెట్టు తక్కువ వేగం పెట్టి చూడండి, 6000 బదులు 5600 లాగా.
2. ఆగకపోతే పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 నడపండి. నాలుగు పాస్‌లు పూర్తికావాలి, రాత్రంతా వదిలేయండి.
3. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే. 'ఒకటేగా' అని వదలొద్దు.
4. ఎర్రర్ వస్తే ఒక్కో స్టిక్‌ను ఒకే స్లాట్‌లో పెట్టి మళ్లీ పరీక్షించండి. ప్రతి స్టిక్ ఆ స్లాట్‌లో ఫెయిలై, వేరే స్లాట్‌లో పాసైతే తప్పు స్లాట్‌ది లేదా ప్రాసెసర్ సాకెట్‌ది.

డీడీఆర్5 కొత్తగా వేసిన మొదటిసారి స్క్రీన్ కొన్ని నిమిషాల పాటు నల్లగానే ఉండొచ్చు. బోర్డు ర్యామ్‌ను నేర్చుకుంటోందని అర్థం. టెన్షన్ పడి మధ్యలో ఆపేయకండి.

## 8. ప్రాసెసర్, కూలర్, బయోస్

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫో అనే ప్రోగ్రామ్ పెట్టుకుని వేడి చూడండి. లోడు ఇచ్చిన కొద్ది సెకన్లలోనే 95 డిగ్రీలు దాటుతుంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదనే ముందు అనుకోవాలి. అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించినవి కూడా కనిపిస్తుంటాయి. వాటర్ కూలర్ అయితే పంపు వైరు తగిలించారా?

స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. ఒకవైపే గట్టిగా బిగిస్తే సాకెట్ మీద ఒత్తిడి తేడా వస్తుంది, అప్పుడు ఒక ర్యామ్ ఛానల్ కనిపించకుండా పోవచ్చు. సాకెట్‌లో పిన్నులుండే బోర్డులైతే టార్చ్ వేసి వంగినవి ఉన్నాయేమో చూడండి, వేలితో మాత్రం తాకకండి.

కొత్త ప్రాసెసర్‌కు మీ బోర్డులోని బయోస్ వెర్షన్ సరిపోతుందో కంపెనీ వెబ్‌సైట్‌లోని సపోర్ట్ లిస్ట్‌లో చూడండి. ఇంటెల్ 13, 14 తరాల కోర్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ వేసుకున్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. వాటిలో వోల్టేజీ ఎక్కువై అస్థిరత వచ్చే సమస్యకు ఇంటెల్ 2024 సెప్టెంబరులో 0ఎక్స్12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది. అది, లేదా దాని తర్వాతది ఉన్న బయోస్ వేసుకోవాలి. అప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను అప్‌డేట్ బాగుచేయదు. దానికోసమే ఇంటెల్ వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది.

బయోస్ అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోకూడదు. క్రాష్ అవుతున్న విండోస్ లోంచి కాకుండా, బయోస్‌లోనే ఉండే అప్‌డేట్ మెనూ నుంచి చేయండి. తర్వాత సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి కాబట్టి స్టోరేజ్ మోడ్ ముందులాగే ఉందో లేదో చూశాకే విండోస్‌లోకి వెళ్లండి.

పాత ప్రాసెసర్ కోసం పెట్టిన ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం) ఏవైనా ఉంటే సిమోస్ క్లియర్ చేయండి, అంటే బయోస్ సెట్టింగులను మొదటికి తెండి. పవర్ కేబుల్ పీకి, మాన్యువల్‌లో చూపిన జంపర్ వాడాలి, లేదా గుండ్రటి సెల్ పది నిమిషాలు తీసి మళ్లీ పెట్టాలి.

## 9. గ్రాఫిక్స్ డ్రైవర్

కొత్త డ్రైవర్ ముందే డౌన్‌లోడ్ చేసిపెట్టుకుని ఇంటర్నెట్ తీసేయండి, లేకపోతే విండోస్ తనకు తోచింది మధ్యలో వేసేస్తుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి డీడీయూ అనే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతవి పూర్తిగా తుడిచి, మామూలు మోడ్‌లో కొత్తది వేయండి.

సరికొత్త వెర్షన్‌తో కూడా క్రాష్ అయితే, దానికి ముందు వెర్షన్ ఒకటి ప్రయత్నించండి. పాత కార్డుకు ఆఫ్టర్‌బర్నర్‌లో పెట్టిన ప్రొఫైల్ ఉంటే తీసేయండి.

## 10. కొత్త ఎస్‌ఎస్‌డీ అయితే

కొన్ని బోర్డుల్లో ఒక ఎం.2 స్లాట్ (ఎస్‌ఎస్‌డీ నేరుగా బోర్డులోకి దిగేది) వాడితే కొన్ని సాటా పోర్టులు (కేబుల్‌తో డ్రైవ్‌లు తగిలించేవి) పనిచేయడం మానేస్తాయి. ఏవో మాన్యువల్‌లో ఉంటుంది. క్లోన్ చేసిన (పాతదాన్ని ఉన్నదున్నట్టు కాపీ చేసిన) డ్రైవ్‌తో మొదటిసారి బూట్ చేసేటప్పుడు పాత డ్రైవ్‌ను తీసేసి ఉంచండి. డ్రైవ్ స్థితి చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్‌ఫోలో సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో డేటా చెడిన సార్ల) అంకె పెరుగుతూ పోతుంటే ముందు సాటా కేబుల్ మార్చండి.

## 11. మార్చి ఇవ్వమని అడగాల్సి వస్తే

'క్రాష్ అవుతోంది' అంటే అమ్మినవాళ్లు విండోస్ మళ్లీ వేయమంటారు. అందుకని చేతిలో ఇవి ఉండాలి: సీరియల్ నంబర్, బ్లూ స్క్రీన్ ఫొటో, మెమ్‌టెస్ట్ ఎర్రర్ ఫొటో, పాత పార్టుతో ఎన్ని గంటలు నిలబడిందో, వేరే సిస్టమ్‌లో ఏమైందో రాసిన కాగితం. ఈ వివరాలు చూశాక వాదన చాలావరకు తగ్గుతుంది.

## 12. బాగైందని తేల్చుకునే పరీక్ష

ఒక గంట గేమ్ ఆడితే చాలదు. కింది వరసలో ఏది తప్పినా, ఆ లక్షణంతో రెండో మెట్టుకు తిరిగి వెళ్లండి.

- సిస్టమ్‌కు లోడు ఇచ్చి పరీక్షించే ఓసీసీటీలో ప్రాసెసర్, మెమరీ, పవర్ పరీక్షలు ఒక్కోటి అరగంట
- మునుపు ఏ పని చేస్తుంటే ఆగిపోయేదో అదే పని, రెండు మూడు గంటలు
- స్లీప్‌లో పెట్టి లేపడం, ఐదారుసార్లు
- రాత్రంతా ఆపి ఉంచి, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఆన్ చేయడం
- ఆపిన సెట్టింగులను ఒక్కోటిగా మళ్లీ ఆన్ చేసి, ప్రతిదాని తర్వాత ఒకరోజు వాడటం

ఇదంతా క్యాబినెట్ పక్క డోరు తెరిచి చేసి ఉంటారు. డోరు మూశాక లోపల వేడి పెరుగుతుంది కాబట్టి, స్క్రూలు బిగించాక ఓసీసీటీ పవర్ పరీక్ష ఇంకొక్కసారి పూర్తిగా నడపండి.